ముందుగాల దీపాలు చూడు

"ఒక్కపారి టక్కన్నదా, టకటకటకా అన్నదా?" అని అడిగిండు మిస్త్రీ భాయ్.

"ఒక్కపారే భాయ్," అన్న.

"అయితే ముందుగాల దీపాలు చూడుమను," అన్నడు. అని గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.

గంతే. మా ఇద్దరి నడుమ ఆఖరి మాటలు గవ్వే. నేను ఆనాడు పోయింది గా మాటలకు కాదు. వేరే మాట గొంతుల పెట్టుకోని పోయిన. మాదన్నపేట మార్కెట్ల దొండకాయలు కొన్న, ఎనక గల్లీల ఆయన ఇల్లున్నది గదా అని పోయిన. నులక మంచంల ఉన్నడు. మనిషి ఎండిపోయిండు, మంచం కోళ్లకు ఆయన కాళ్లకు ఫరక్ లేదు. నేను కూసున్న. "భాయ్, ఇంగ నేను వకీల్ సాబ్‌కు చెప్పేస్త," అని నోరు తెరిసిన. ఆయన చెయ్యి లేపి ఆగుమన్నడు. ఇంకో చెయ్యి గోడకు ఆనిచ్చి ఉన్నది. "బయట ఎవరో సెల్ఫ్ కొడుతున్నరు. గోడ చెప్తాంది. నాకు ఇనొస్తలేదు, నువ్వు ఇను," అన్నడు. నేను ఇన్న. నిజమే, గల్లీల ఎవరిదో మోటరు టక్ అంటాంది, చాలు అయితలేదు.

నేను బయటికి పోయి ఆ డ్రైవర్‌కు చెప్పిన, "దీపాలు ఎలిగించి సెల్ఫ్ కొట్టు నాయినా," అని. వాడు నన్ను కిందికెల్లి మీదికి చూసిండు. ముండమోసిన ముసలిది మోటరు గురించి చెప్పబట్టె అనుకున్నడేమో. నేను మళ్ల లోపలికొచ్చేవరకు భాయ్‌కి కన్ను అంటుకున్నది. ఆయన బీవీ "రేపు రా బహెన్" అన్నది. దొండకాయలు ఆమె చేతుల పెట్టి వచ్చిన. రేపు పోలేదు. కుట్టిన ఇస్తరాకులు బేగంబజార్ల ఇచ్చేదుండె. మూడో దినం పోతే, మార్కెట్ల కూరగాయలామె "మీ మిస్త్రీ పోయిండు గదమ్మా, మన్నుల పెట్టుడు గూడ అయిపోయింది," అన్నది.

రాస్తున్నవా మరిదీ? నేను చెప్పినట్టే రాయి. నీ ప్రెస్సు తెలుగు ఏమీ కలపకు. మీ పత్రికల పోయినోళ్ల గురించి ఏస్తరు, జడ్జీలు, పంతుళ్లు, దొరలు. మిస్త్రీల గురించి ఏస్తరా అని అడిగితే మీ సారు ఏస్తమన్నడని నువ్వే చెప్పినవు. నాకు నా పేరు రాసుకునుడే వస్తది, అదిన్ని వంకరగ. లేకుంటే నీతోని ఎందుకు రాయించుకుంట? ఈ మాట ఇనెటోళ్లల్ల మొదటోనివి నువ్వే కావద్దని మస్తు అనుకున్న. కాని ఎవరున్నరు నాకు?

ఆయన పేరు రాయకు. పేరు నాకెర్క. ఆ పేరు మీద ఒక నింద ఉన్నది, అది నాది. నింద తీసినంక పేరు పెడుదాం.

ముందు మనిషి ఎట్లుంటుండెనో చెప్త.

సన్నగ, పొడుగు. ఎడమ చెవు ఇనరాదు, కుడి చెవు సగం. చిన్నప్పుడు ఏదో కారఖానల రేకులు కొట్టి కొట్టి చెవులు పోయినయట. చెవులు లేని మిస్త్రీ మోటరు మాట ఎట్ల ఇంటడంటవా? పండ్లతోని ఇంటుండె. మూరెడు చింతకట్టె ఒకటుండె ఆయన దగ్గర. ఒక కొస ఇంజనుకు ఆనిస్తడు, ఇంకో కొస పండ్ల నడుమ పడుతడు, కండ్లు మూసుకుంటడు. ఇంజన్ల ఏది కదిలితే అది కట్టెల నుంచి పండ్లకు, పండ్ల నుంచి నెత్తికి ఎక్కుతదట. కట్టె కొసకు పండ్ల గాట్లు పడి ఎలుక కొరికినట్టుండె. హుస్సేనీ ఆలం మలుపు కాడ రేకుల దుకాణం ఆయనది. పోయెటోళ్లు నిలబడి నవ్వుతుండిరి.

"ఏం మిస్త్రీ, మోటరు రుచి ఎట్లున్నది?"

"ఉప్పు తక్కువైంది సాబ్," అంటుండె కండ్లు తెరవకుండనే.

ఇంకొకటి ఆయన టోపీ. తెల్లటి నూలు టోపీ. పని మొదలువెట్టంగనే తీసి ఎల్లకిల తిప్పి పక్కకు పెడుతడు. ఇప్పిన ప్రతి నట్టు, ప్రతి మొల ఆ టోపీలనే. బిగించుకుంట ఒకొక్కటి తీస్తడు. టోపీ ఖాళీ అయితేనే మళ్ల నెత్తికి పోతది. "టోపీల ఒక్క నట్టు మిగిలినా నేను నంగా నెత్తితోనే ఇంటికి పోత," అంటుండె. ఒక్కనాడు తప్ప అట్ల పోవుడు నేను ఎన్నడు చూడలే.

మోటరు రాంగనే బానెట్ లేపడు. అది మీ అన్నకు మస్తు నచ్చుతుండె. తక్కిన మిస్త్రీలు బానెట్ లేపి చేతులు పెట్టినంక అడుగుతరు ఏమైందని. ఈయన చక్రం పక్కన గొంతుక్కూసుండి, చాయ్ సాసర్ల పోసుకోని, డ్రైవర్‌ను అడుగుతడు: "నిన్న దీన్ని ఎవరు ముట్టిన్రు?" ఎవరు ముట్టలే అంటే ఒప్పుకోడు. "మోటరు ఉత్తగ చెడదు. ఎవరో ముడుతరు. ఎవరు ముట్టిన్రో చెప్తె సగం పని అయినట్టే." డ్రైవర్లు నీళ్లు నములుకుంట చెప్తుండిరి, నిన్న మా సాబ్ కొడుకు ముట్టిండు, క్లీనర్ ముట్టిండు అని.

ఈ మాట యాది పెట్టుకో మరిదీ. మళ్ల దీని కాడికే వస్త.

మోటరు టక్ అని ఊకున్నదంటే లోకమంత ఒకటే అంటది, బ్యాటరీ పోయింది అని. ఆయన అనడు. "పైలే బత్తీ జలావ్, ముందుగాల దీపాలు చూడు." పట్టపగలైనా సరే ముందరి దీపాలు ఎలిగించాలె, ఎవరో ఒకరు సెల్ఫ్ కొట్టాలె, ఆయన ఎదురుంగ నిలబడి దీపాల కండ్లల్లకు చూస్తుండె. దీపాలు నిబ్బరంగ ఎలిగినయనుకో, తప్పు సెల్ఫ్‌ల ఉన్నది. టకటకటకా అనుకుంట మెల్లగ గుడ్డిగైనయనుకో, బ్యాటరీ ఆకలితోనున్నది, చలికి పండ్లు కొట్టుకున్నట్టు కొట్టుకుంటాంది. ఒక్కటే టక్ అని, దీపాలు ఒక్కటేసారి ఆరిపోయినయనుకో, ఏడనో తీగె కాడ ఇనుముకు ఇనుము తాకుతలేదు. దీపాలకు సరిపోయే కరెంటు సందుల నుంచి పోతది, సెల్ఫ్‌కు కావలసినంత పోదు. అప్పుడు ముంజేతి ఎనకవైపుతోని తీగెల కొసలు ముట్టి చూస్తుండె, పిల్లకు జరం చూసినట్టు. ఏది కాలుతుంటే దొంగ అదే.

చదువురాని దానికి ఇవన్ని ఎట్ల ఎర్క అంటవా? మీ అన్న రోజు అన్నం తినుకుంట ఇదే చెప్తుండె గదా. వకీల్ సాబ్ మోటరు తోలుతుండె, మనది ఆయన ఇంటెనక రూము. మోటరు కడుగుడు, తుడుసుడు అంత నా కండ్ల ముందలనే. నువ్వు అప్పుడు కొత్తగ ప్రెస్సుల చేరినవు, తెల్లారినా లేవకపోతుంటివి. మీ అన్న నీ కంటి రెప్ప లేపి, "ముందుగాల దీపాలు చూడు," అనుకుంట నీ మీద చెంబెడు నీళ్లు పోస్తుండె. నవ్వుతున్నవా? నవ్వు. ఇంగ ఈడికెల్లి నవ్వు రాదు.

వకీల్ సాబ్ తల్లి ఎర్క గదా, పెద్దమ్మ. నోరు పెద్దది, మనసు గూడ గంతే. దసరా ముందటి దినం. బండ్లకు పూజ. పెద్దమ్మ ఏటేట తనే దగ్గరుండి చేయించెటిది. తను చెయ్యకపోతుండె, పసుపు కుంకుమ ముట్టరాదు గదా మొగడు పోయినామె. కాబట్టి నన్ను పిలుస్తుండె. "ముత్తైదువవు, నువ్వు పెట్టవే," అని తను అరుగు మీద కూసోని చెప్తుండె, నేను పెడుతుంటి. చక్రాలకు, దీపాలకు, బానెట్‌కు, తోలే చక్రానికి.

ఆనాడు మీ అన్న బానెట్ లేపి బ్యాటరీ మీది రెండు క్లాంపులు ఇప్పి, ఏడి నీళ్లతోని తుడిసి ఆరబెట్టిండు. రెండు దినాల ముందు మిస్త్రీ భాయ్ వచ్చి బ్యాటరీల నీళ్లు పోసి, క్లాంపులకు తెల్లగ పూత పట్టింది, కడుగు అని చెప్పిపోయిండు. కడిగి, స్నానం చేసొస్త అని మీ అన్న బావి కాడికి పోయిండు. బానెట్ తెరిసే ఉన్నది.

పెద్దమ్మ అడిగింది, "ఇందుల పాణం ఏడున్నదే?"

నేనే చూపెట్టిన, "ఈ డబ్బల అమ్మా. మా ఆయన అంటడు, ఇది లేకుంటే మోటరు పీనుగే," అని.

"మరి పాణమున్న కాడ పెట్టకుంట రేకులకు రుద్దుతవేందే? దానికి పెట్టు."

పెట్టిన. గడపకు రుద్దినట్టు తడి పసుపు మందంగ రుద్దిన. డబ్బ మీద పొడుసుకోని ఉన్న రెండు సీసపు బుడిపెలకు చుట్టూత రుద్దిన. క్లాంపుల లోపల వేలు పెట్టి మెత్తిన. రుద్దినంక భయమైంది. మీ అన్న నన్ను బ్యాటరీ ముట్టనియ్యకపోతుండె, అందుల తేజాబ్ ఉంటది, చేతులు కాలుతయి అని. తిడుతడని, ఆయన పెట్టుడు మస్తుసార్లు చూసిన గదా, క్లాంపులు తీసి బుడిపెల మీద నేనే ఒత్తిన. మీద మీద చీర కొంగుతోని తుడిసిన. డబ్బ మూతకు రెండు బొట్లు పెట్టిన. ఆయన వచ్చిండు. క్లాంపులు మీద కూసోని ఉన్నయి, తనే పెట్టిపోయిన అనుకున్నడేమో. బొట్లు చూసి నవ్విండు. పానతోని బిగించిండు. సెల్ఫ్ కొడితే మోటరు లేచింది. అందరం చప్పట్లు కొట్టినం. జమ్మి తేనీకి గూడ పోయొచ్చింది.

నాలుగో దినం పగలు, అన్నాలు తిన్నంక, పెద్దమ్మకు ఛాతీల నొప్పి లేసింది. చెమటలు. నాలుక మడత పడుతాంది. వకీల్ సాబ్ "మోటరు తియ్యి" అని మొత్తుకున్నడు. మీ అన్న ఉరికి పోయి సెల్ఫ్ కొట్టిండు.

టక్.

మళ్ల టక్. ఇంకోసారి టక్. గా చప్పుడు ఇప్పటికి నా చెవులల్ల ఉన్నది.

హ్యాండిలు ఏసి తిప్పితే లేస్తుండె. హ్యాండిలు లేదు. వంగిందని సరిచెయ్యనీకి మిస్త్రీ దుకాణంల ఇచ్చిండు మీ అన్న, పండుగకు ముందు. తొయ్యాలంటే మోటరు మూతి లోపలికున్నది, ఎనక దర్వాజ గడప ఎత్తు. నలుగురు తోసిన్రు, ఎక్కలే. వకీల్ సాబ్ తెల్ల ధోతి కట్టుకోని తనే భుజం పెట్టిండు. మీ అన్న హ్యాండిలు కోసం హుస్సేనీ ఆలం మలుపుకు చెప్పులు లేకుండ ఉరికిండు. ఇటు రిక్షా తెచ్చిన్రు. పెద్దమ్మను పట్టుకోని నేను కూసున్న, వకీల్ సాబ్ పక్కన సైకిల్ మీద.

రిక్షాల ఆమె నెత్తి నా ఒళ్లె ఉన్నది. ఒక్కపారి కండ్లు తెరిసి, "మోటరు ఏమైందే?" అన్నది. నేను "వస్తాంది అమ్మా, ఎనకనే వస్తాంది," అన్న. నయాపుల్ ఎక్కేవరకు ఆమె బరువు మారింది. పట్టుకున్నోళ్లకే తెలుస్తది అది. పెద్ద దవాఖానల డాక్టర్ నాడి చూసి, "ఇంకొంచెం ముందు తెస్తే..." అని సగంల ఆపిండు. ఆ సగం మాట వకీల్ సాబ్ ఇంటికి మోసుకొచ్చిండు.

మూడో దినం పొద్దుగాల వకీల్ సాబ్ మిస్త్రీ భాయ్‌ని పిలిపించిండు. వాకిట్ల చుట్టాలందరు ఉన్నరు, తెల్ల బట్టలల్ల. "నా తల్లి ఎందుకు పోయిందో నాకు తెల్వాలె. ఇప్పు," అన్నడు. అంతకు నాలుగైదేండ్ల ముందు పట్నంల జరిగిన హిందూ తురక లొల్లి ఇంక ఎవరు మరవలే. ఒక తురకాయన వాకిట్ల నిలబడితే ఎన్ని కండ్లు ఎట్ల చూస్తుండెనో నీకెర్కనే. మీ అన్న మోటరు పక్కన నిలబడ్డడు, పెదవులు తెల్లగ. నేను మా రూము దర్వాజల నిలబడ్డ.

భాయ్ గొంతుక్కూసుండలే, చాయ్ అడగలే. టోపీ తీసి ఎల్లకిల తిప్పి నేల మీద పెట్టిండు. "బత్తీ," అన్నడు. మీ అన్న దీపాలు ఎలిగించిండు. "సెల్ఫ్." టక్. దీపాలు ఒక్కటేసారి ఆరిపోయినయి. ఇంకోసారి. టక్, చీకటి. కట్టె తీసి పండ్ల నడుమ పెట్టి సెల్ఫ్‌కు ఆనిచ్చిండు. ఎవరు నవ్వలే. నెత్తి అడ్డం ఊపిండు. బానెట్ లేపి, ముంజేతి ఎనకవైపుతోని ఒక క్లాంపు ముట్టిండు, ఇంకోటి ముట్టిండు. చెయ్యి ఎనకకు తీసిండు. కాలింది.

పాన ఏసి ఇప్పిండు. క్లాంపు లేపిండు. నాకు ఆయన ఈపు కనబడుతాంది. ఆ ఈపు ఆగింది. నాకు అప్పుడు తెలిసింది. అప్పటిదాంక నిజంగ తెల్వది మరిదీ, నీ మీద ఒట్టు. అన్నం తిన్నప్పుడు, రిక్షాల, పీనుగు కడిగినప్పుడు, ఒక్కపారి గూడ ఆ పసుపు యాదికి రాలే. ఆయన ఈపు ఆగిన కాడ యాదికొచ్చింది. తడున్నన్నాళ్లు మోటరు నడిచింది, పసుపు ఎండినంక ఇనుముకు ఇనుము తాకనియ్యలే.

ఆయన మెల్లగ మెడ తిప్పిండు. వకీల్ సాబ్ దిక్కు కాదు, మీ అన్న దిక్కు కాదు. దర్వాజల నా దిక్కు. నా చేతుల దిక్కు. దినాలకు వండుతున్నం, వేళ్లకు పసుపు ఉన్నది. చూసి మళ్ల ఇంజన్లకు వంగిండు. నేల మీది టోపీ తీసి, ఏదో గ్రీజు తుడిసినట్టు, ఆ బుడిపెలను, క్లాంపుల లోపలను టోపీ లోపలి దిక్కుతోని తుడిసిండు. మంచిగ తుడిసిండు. టోపీని మలిచి జేబుల పెట్టుకున్నడు.

నట్టు పండ్ల నడుమ పట్టుకోని క్లాంపు బిగించిండు. సెల్ఫ్ కొట్టుమన్నడు. మోటరు ఒక్కటే దెబ్బకు లేచింది. ఆ చప్పుడుకు లోపల ఆడోళ్లు ఘొల్లుమన్నరు.

"నిన్న ఎవరు ముట్టిన్రు" అని అడగలే. ఏ మోటరుకైనా ముందు అడిగే మాట, ఆనాడు అడగలే.

వకీల్ సాబ్ అడిగిండు, "ఏంది మిస్త్రీ?"

"తప్పు నాది సాబ్. పండుగ ముందు బ్యాటరీల నీళ్లు పోసినప్పుడు క్లాంపు నేనే తీసి పెట్టిన. సక్కగ కూసోలే. హ్యాండిలు గూడ నా దగ్గరనే ఉండిపోయింది."

మీ అన్న "భాయ్..." అన్నడు. ఆయన మీ అన్న దిక్కు ఒక చూపు చూసిండు, నోరు మూసుకో అన్నట్టు. మీ అన్న మూసుకున్నడు. నేను గూడ.

వకీల్ సాబ్ కొట్టలే, తిట్టలే. "నా గడప మళ్ల తొక్కకు," అన్నడు. కచేరీల, తెలిసిన ఇండ్లల్ల చెప్పిండు. అంతే చాలు. మన్షిని మింగిన మిస్త్రీ అని పేరొచ్చింది. దుకాణం ముందల మోటర్లు నిలబడుడు బంద్ అయింది. నువ్వు గూడ పోయినవు మరిదీ, ఒక దినం, నడిబజార్ల. "నా అన్న నౌకరి తీస్తుంటివి గదరా," అని ఆయన దుకాణం ముందల ఉమ్మేసినవు. ఇంటికొచ్చి చెప్పుకున్నవు గూడ. నేను నీకు అన్నం పెట్టిన. ఏం అనలే.

ఎందుకు ఆపినవు? రాయి. నీది గూడ రాయి. నాది రాస్తున్నవు గదా.

నెల దినాలకు నేను దుకాణానికి పోయిన, చెప్పేస్త అని. ఆయన ఒక స్టవ్వు బాగుచేస్తుండె. మోటర్ల మిస్త్రీ స్టవ్వు ముందల కూసున్నడు. "భాయ్, నేను పోయి వకీల్ సాబ్ కాళ్ల మీద పడుత," అన్న. గట్టిగ చెప్పాల్సొచ్చింది, చెవులు లేకపాయె. ఆయన ఇటటు చూసి మెల్లగ మాట్లాడుమన్నడు.

"చెప్తె ఏమైతది చెల్లె? నీ ఆయన నౌకరి పోతది, రూము పోతది. నా దుకాణం పోయింది పోయింది. రెండు పోవుడెందుకు?"

"నా పాపం మీరెందుకు మోస్తరు?"

స్టవ్వు పక్కకు పెట్టిండు. "హ్యాండిలు నాలుగు దినాలు ఆ మూలకే ఉండె. నాలుగు దెబ్బల పని. రేపు జేస్త, రేపు జేస్త అని పెట్టుకున్న. హ్యాండిలు ఉంటే నీ పసుపు ఏం చేస్తుండె? నువ్వు పసుపు పెట్టినవు, నేను హ్యాండిలు పెట్టుకున్న. సగం సగం." అని, "వకీల్ సాబ్‌కు చెప్పకు. పో," అన్నడు.

వచ్చిన. మనసు అల్కగైందని అబద్ధం చెప్ప. నౌకరి ఉన్నది, రూము ఉన్నది, పొయ్యి ముడుతాంది. భయం సల్లబడ్డంక మన్షి దేనికైనా అలవాటు పడుతడు.

కాని మీ అన్న అలవాటు పడలే. అది నువ్వు చూసినవు. రాత్రి నిద్రల లేచి పోయి క్లాంపులు బిగిస్తుండె. వేలు పెట్టి కదిలిస్తుండె, కదలకపోతే గూడ మళ్ల బిగిస్తుండె. ఆఖరికి బిగించింది తనే గదా, సక్కగ బిగియ్యలేదు, మిస్త్రీ తనను కాపాడనీకి నింద మీదేసుకున్నడు అని ఆయన లెక్క. "పెద్దమ్మను చంపింది నేను, పేరు పోయింది మిస్త్రీది," అని ఒక్క నాకే చెప్తుండె. నేను ఇంటుంటి. మూడేండ్లు ఇన్న. ఒక్క మాట నోట్ల ఉండె. రోజు అన్నం కలిపి పెట్టిన, ఆ మాట పెట్టలే. చెప్తె నా మొకం మళ్ల చూడడేమో అని భయం. జరం వచ్చి, అది ఊపిరితిత్తులకు దిగి, పోయే దినం గూడ అన్నడు, "మిస్త్రీని కలిసి నా తరఫున మాఫీ అడుగు," అని. సరే అన్న.

కర్మలు అయినంక పోయిన. అప్పటికి భాయ్ హుస్సేనీ ఆలం ఇడిసిపెట్టి మాదన్నపేట మార్కెట్ ఎనక రిక్షాలు బాగుచేస్తుండె. బొట్టు లేని నా మొకం చూసి లేచి నిలబడ్డడు. "మా ఆయన మాఫీ అడుగుమన్నడు," అని చెప్పిన.

"ఆయన దేనికి మాఫీ?" అన్నడు.

"తను సక్కగ బిగియ్యలేదని... మీరు తనకోసం..."

ఆయన చేతుల పాన ఉండె. అది కింద పెట్టిండు. నా కండ్లల్లకు చూసిండు, సెల్ఫ్ కొట్టినప్పుడు దీపాలల్లకు చూసినట్టు.

"నువ్వు చెప్పలేదా?"

"మీరే గదా చెప్పొద్దన్నరు."

"వకీల్ సాబ్‌కు చెప్పొద్దన్న. నీ మొగనికి చెప్పొద్దన్ననా?"

నేను నేల చూసిన.

"మూడేండ్లు," అన్నడు. "నా పేరు పోతే పోయె అనుకున్న, ఆ డ్రైవర్ ఇంట్ల నిమ్మళంగ పంటాండు అనుకున్న. మూడేండ్లు ఆయన నిద్ర గూడ పోయిందా?" కూసోని రిక్షా చక్రం కొట్టుడు మొదలువెట్టిండు. నేను మస్తు సేపు నిలబడ్డ. నన్ను చూడలే. ఆయన కోపం నేను చూసింది అదొక్కపారే. వకీల్ సాబ్ మీద గూడ రాలే ఆ కోపం.

అయినా మళ్ల పోతుంటి, రెండు మూడు నెలలకొకసారి. కూరగాయలు తీసుకపోతుంటి. ఆయన బీవీ తీసుకుంటుండె, ఆయన "బాగున్నవా" అంటుండె. చెల్లె అనుడు మానేసిండు. ఆ పిలుపు నాకు మళ్ల దొరకలే. ఆఖరి దినం గూడ అనలే. "నువ్వు ఇను" అన్నడు, గంతే.

ఆయన పోయినంక మొన్న ఇంటికి పోయిన. దండెం మీద ఆయన బట్టలు ఆరేసి ఉన్నయి, బీవీ ఎవరికో ఇస్తదట. అందుల టోపీ ఉన్నది. తిరగేసి చూసిన. తెల్లగున్నది. పసుపు మరక సబ్బు పెడితే ఎర్రగైతది గాని ఎండల ఏస్తే పోతది, ఏ ఆడదాన్ని అడిగినా చెప్తది. పోయింది. ఆమె అడిగింది, "ఏం చూస్తున్నవు బహెన్?" అని. ఆమెకు గూడ తెల్వది. ఆయన ఇంట్ల గూడ చెప్పుకోలే. మొగడు ఒక ముసలామెను చంపిండనే పేరు మోసుకుంట ఇన్నేండ్లు మార్కెట్ల నీళ్లు పట్టింది ఆమె. నేను టోపీ మళ్ల దండెం మీద ఏసిన. అప్పుడే అనుకున్న, ఇంగ నోటితోని కాదు, అచ్చుల చెప్పాలె అని. నోటితోని అయితే నేను మళ్ల దొండకాయలు ఇచ్చి వచ్చేస్త.

వకీల్ సాబ్ మీ పత్రిక తెప్పించుకుంటడని నువ్వే అన్నవు. సదువుతడు. సదవనీ. బ్యాటరీకి పసుపు పెట్టింది నేను. క్లాంపు ఒత్తింది నేను. నా మొగడు సక్కగనే బిగించిండు. మిస్త్రీ తప్పు హ్యాండిలు ఒక్కటే, అది గూడ ఆయనే ఒప్పుకున్నడు. పెద్దమ్మ తప్పు గూడ అంటరేమో, పాణానికి పెట్టుమన్నది గదా అని. అనద్దు. ఆమె దేవుని మీద భక్తితోని అన్నది. నేను మొగని మీద భయంతోని దాసిన.

ఇంగ ఆయన పేరు రాయి. ఇప్పుడు రాయి, ఇంటి పేరుతోని సహా. అచ్చుల ఏస్తరో ఏయరో మీ సారు ఇష్టం, కాగితం మీద ఉండాలె. రాసినవా? దాని కింద నా పేరు రాయి. ఆగు, నేనే రాస్త. కలం ఇటియ్యి. వంకరగ వచ్చిందా? వచ్చినా సరే.

నువ్వు నా మొకం చూస్తలేవు మరిదీ. చూడకు, నాకు సమజైతది. మీ అన్న గూడ చూడడనే నేను భయపడ్డ. కాని ఒక్క పని చెయ్యి. కండ్లు తుడుసుకో, దీపం దగ్గరికి జరుపుకో, మొదటికెల్లి సదువు. గట్టిగ సదువు, పక్కింటోళ్లు ఇన్నా ఫికర్ లేదు. పసుపు కాడికి వచ్చినప్పుడు గొంతు తగ్గించకు. సదువు, ఇంట.